మొదటి గ్లాసు ఆవిడది

ఆవిడ గురించి ఇంతకాలం ఎందుకు రాయలేదని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక మంచి కారణం ఉంది. నాకు అక్షరాలు వచ్చేవి కావు. జుట్టు సగం నెరిశాక, నలభై ఆరేళ్ళ వయసులో, సాయంత్రం బడిలో చాప మీద కూర్చుని నేర్చుకున్నాను. ఈ కారణం చెబితే అందరూ ఒప్పుకుంటారు, కొందరు మెచ్చుకుంటారు కూడా. కానీ అక్షరాలు వచ్చి నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో మా ఆడబిడ్డకు ఉత్తరాలు రాశాను. రేషన్ కార్డు కోసం అర్జీ రాశాను, పక్కింటివాళ్ళ అర్జీలూ రాసిపెట్టాను. ఆవిడ గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఆవిడ బతికి ఉన్నారు కాబట్టి రాయలేదు. పకోడీల పొట్లం కట్టిన కాగితమైనా సరే, విప్పి, నూనె మరకల మధ్య నుంచి చదివే మనిషి. నా రాత ఎక్కడో ఒకచోట ఆవిడ కంట పడుతుందని భయం.

ఇప్పుడా భయం లేదు. ఆవిడ పోయారు.

ఓడరేవు వెనక, పాతపట్నంలో ఉన్న బడి మాది. చేపలు పట్టేవాళ్ళ పిల్లలు, ఓడల్లో సరుకు దించే కళాసీల పిల్లలు, దర్జీ పనీ కళాయి పనీ చేసుకునే సాయిబుల పిల్లలు చదివేవారు. మా ఆయన కూడా కళాసీయే. బస్తాల వల తెగి మీద పడి కాలు విరిగింది. ఆ ఏడాదే నేను బడిలో నీళ్ళ ఆయాగా చేరాను. ఆవిడ హెడ్డమ్మగారు. మాది బొబ్బిలి పక్క పల్లె, ఆవిడది ఎక్కడో గోదావరి అవతలి ఊరు. నా మాటలు కొన్ని ఆవిడకు అర్థమయ్యేవి కావు. నన్ను మళ్ళీ చెప్పమనేవారు కాదు. తనకు తోచిన అర్థం తీసుకుని పని చెప్పేసేవారు.

పొట్టి మనిషి. గంజి పెట్టిన నేత చీర, నల్ల గొడుగు. రేవు నుంచి ఎగిరొచ్చే ఇనుప రాతి ధూళికి మా వీధిలో ఆరేసిన బట్టలన్నీ ఎర్రగా అయ్యేవి. ఆవిడ చీర మాత్రం సాయంత్రం నాలుగింటికి కూడా తెల్లగా ఉండేది. ఎలా ఉండేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆవిడ లోకాన్ని ముక్కుతో చూసేవారు. పిల్లవాడి పలక తీసుకుని వాసన చూసేవారు, ఉమ్మితో తుడిచాడో నీళ్ళతో తుడిచాడో చెప్పేవారు. తలలు వాసన చూసేవారు. కొత్త పుస్తకాల కట్ట వస్తే చదవకముందు వాసన చూసేవారు. ఒకసారి తనిఖీకి వచ్చిన ఆఫీసరు కుర్చీలో కూర్చోగానే ముక్కు ఎగబీల్చి, కిటికీ తెరవమని నాకు సైగ చేశారు. ఆయన ముఖం చూడాలి అప్పుడు. పిల్లలు చాటుగా ఆవిడను ముక్కమ్మ అనేవారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. "చెవులమ్మ అనలేదు, సంతోషం" అన్నారు ఒకసారి నాతో. ఆవిడ చెవులు నిజంగానే పెద్దవి.

మంచి మనిషి అని రాయడం సులువు. కానీ గోళ్ళలో మట్టి ఉంటే చెక్క స్కేలుతో వేళ్ళ మీద కొట్టేవారు. చిన్నా పెద్దా తేడా లేదు. రెండో తరగతిలో నూకాలు అనే పిల్ల ఉండేది, ఎండుచేపలమ్మే ఆమె కూతురు. ఆ పిల్లను చేతులు వాసన వస్తున్నాయని ఇంటికి పంపేస్తే, తల్లి గంప దించి బడి గుమ్మంలో నిలబడింది.

"సేపలమ్ముకునే ముండలం, మా సేతులు సేపల వాసన రాక సెంటు వాసన వత్తాదా టీచరమ్మా?"

హెడ్డమ్మగారు లేచి నిలబడలేదు. సొరుగులోంచి సబ్బు ముక్క తీసి బల్ల మీద పెట్టి, "చేపల వాసన రానీ. దాంతోపాటు ఇది కూడా రావాలి" అన్నారు. నూకాలు తల్లి సబ్బు తీసుకుని, తిట్టుకుంటూనే వెళ్ళింది. మర్నాటి నుంచి ఆ పిల్ల బడికి రాగానే ఎవరూ అడక్కుండానే రెండు చేతులూ ఆవిడ ముక్కు దగ్గర పెట్టేది.

బడి పెరట్లో సిమెంటు తొట్టి ఉండేది. పొద్దున్న అరగంట మునిసిపాలిటీ నీళ్ళు వస్తే అందులోకి పట్టేవాళ్ళం. పైన రేకు మూత, పక్కన నిచ్చెన, కడిగినప్పుడు నీళ్ళు వదిలేయడానికి అడుగున ఒక పెద్ద ఇత్తడి కుళాయి. తొట్టిలోంచి కుండల్లోకి తోడి, కుండల్లోంచి పిల్లలకు ముంచి పోయడం నా పని.

నేను చేరిన కొత్తలో మిగతా టీచర్లు ఇళ్ళ నుంచి మరచెంబులతో నీళ్ళు తెచ్చుకునేవారు. నేను ముట్టిన నీళ్ళు వాళ్ళకు పనికిరావు. ఎవరూ ఆ మాట అనలేదు, మరచెంబులు బల్లల మీద పెట్టుకునేవారు, అంతే. రెండో రోజో మూడో రోజో హెడ్డమ్మగారు ప్రార్థన అయ్యాక పిల్లలందరి ముందూ నన్ను పిలిచి, "ఒక గ్లాసు ఇయ్యి" అన్నారు. వాసన చూసి, గటగటా తాగి, గ్లాసు బోర్లించి చూపించారు. "మొదటి గ్లాసు నాది. నేను తాగాకే ఎవరైనా తాగాలి" అన్నారు. ఆ రోజు నుంచి అదే ఆచారం. నెల తిరక్కుండా మరచెంబులన్నీ ఇళ్ళకు వెళ్ళిపోయాయి. ఆవిడ దాని గురించి ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. పిల్లలకు కడుపు నొప్పి వస్తే ముందు తనకు రావాలి, అంతే ఆవిడ లెక్క.

ఆ గ్లాసు నాకు ఎంత విలువైనదో ఆవిడకు తెలుసో లేదో.

వాసన చూడడం నాకు కూడా నేర్పారు. పాత నీళ్ళు, పాచి పట్టిన కుండ, మురికి కాలువ పక్క నుంచి వచ్చిన గొట్టం నీళ్ళు, దేని వాసన దానిదే. "ముక్కు పెట్టి చూడు, కళ్ళు మోసం చేస్తాయి" అనేవారు. ఒకరోజు గోడకు అంటించిన నోటీసు ముందు నిలబడి, ఇందులో ఏముందమ్మా, నాకూ నాలుగు అక్షరాలు నేర్పరాదా అని అడిగాను. ఆవిడ నవ్వి, "నీకెందుకు చదువు, నీకు ముక్కుంది" అన్నారు. నేనూ నవ్వాను. నాకు గర్వంగా కూడా అనిపించింది. ఏడేళ్ళు ఆవిడ కింద పని చేశాను. వందలమంది పిల్లల చేయి పట్టి అ ఆలు దిద్దించిన మనిషి, నా చేయి ఒక్కసారి పట్టలేదు. ఈ మాట ఆవిడ బతికుండగా రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ ఏడాది వానలు వెనకబట్టాక కలరా వచ్చింది. ముందు రేవు దగ్గర గుడిసెల్లో, తర్వాత కొండవాలు పేటల్లో. బడులన్నీ మూసేశారు. సూది మందు వేసేవాళ్ళు జీపులో వస్తే జనం వెనక సందుల్లోంచి పారిపోయేవారు. మూసిన బడికి ఆవిడ రోజూ వచ్చేవారు. నన్నూ రమ్మనేవారు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, నిచ్చెన ఎక్కి తొట్టిలోకి దిగి నాతోపాటు పాచి గీకారు. అడుగున ఎర్ర ధూళి బురదలా పేరుకుని ఉంది. ఇద్దరం వీపులు ఒంచి గీకుతుంటే మాటల్లో అన్నారు, "పంతులు లేకపోయినా బడి ఒకపూట నడుస్తుంది. నీళ్ళు లేకపోతే ఒక గంట కూడా నడవదు. బడిని మూయాలన్నా తెరవాలన్నా తాళం నా దగ్గర లేదు, ఈ కుళాయి దగ్గర ఉంది."

మళ్ళీ బడి తెరిస్తే ఎలా నడపాలో ఆవిడ ఒక పద్ధతి అనుకున్నారు. సగం తరగతులు ఒక రోజు, సగం మర్నాడు. ప్రతి పిల్లా తన గ్లాసు తనే తెచ్చుకోవాలి. తొట్టిలో మందు కలిపి ఒక రాత్రి ఉంచాకే నీళ్ళు తోడాలి. ఇదంతా కాగితం మీద రాసి ఆఫీసుకు పంపారు. జవాబుగా, వచ్చే సోమవారం బడి తెరవాలని ఉత్తర్వు వచ్చింది. కొత్త గది ప్రారంభానికి ఎవరో పెద్దమనిషి వస్తున్నాడు. రోడ్డుకు రెండు వైపులా జెండాలు పట్టుకుని నిలబడడానికి పిల్లలు కావాలి.

శుక్రవారం బ్లీచింగ్ పౌడరు బస్తా వచ్చింది. ఆవిడ మూతి విప్పి చిటికెడు తీసి వాసన చూశారు. ఇంకోసారి చూశారు. నా ముక్కు దగ్గర పెట్టారు.

"మండిందా?"

"నేదమ్మా."

"మండదు. గోడౌనులో సముద్రపు గాలికి చచ్చిపోయింది. ఇక ఇది గోడకు కొట్టుకునే సున్నం."

కలరాకు వాసన ఉండదని తర్వాత ఒక డాక్టరు నాతో అన్నాడు, ఆవిడ పిచ్చిని ఎగతాళి చేస్తూ. రోగానికి ఉండకపోవచ్చు. మందుకు ఉంటుంది.

ఆ చచ్చిన పౌడరును పొట్లం కట్టుకుని ఆవిడ ఆఫీసుకు బయల్దేరారు, మంచిది ఇచ్చేదాకా అక్కడే కూర్చుంటానని. వెళ్ళే ముందు నాతో అన్న మాట ఇది. "నేను రాకుండా తొట్టి తెరవనివ్వకు. బలవంతం చేస్తే అడుగు కుళాయి తిప్పెయ్."

ఆ రోజు ఆవిడను బెంచీ మీద కూర్చోబెట్టి, సోమవారం రమ్మన్నారట. ఆదివారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి పెద్ద గుమస్తా బడికి వచ్చాడు. మా వైపు మనిషే, మా ఆయనను బావా అని పిలిచేవాడు. చేతిలో కాగితం, సిరా పెట్టె.

"ఏటమ్మా, పౌడరొచ్చిందా నేదా?"

వచ్చిందన్నాను.

"తొట్టి కడిగేరా నేదా?"

కడిగామన్నాను.

"మరింకేటి ఆలోసిత్తన్నావ్, ఏలెట్టు."

ఆయన అడిగిన రెండూ నిజాలే. నేను చెప్పిన రెండూ నిజాలే. వాసన సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. వేలు పెట్టాను. సిరాను జుట్టుకు తుడుచుకున్నాను, అందరం తుడుచుకునేలాగే. ఆ కాగితంలో ఏముందని అడగాలని కూడా తోచలేదు. ఏదో అందినట్టు వేలు పెట్టడం తప్ప కాగితాలతో నాకు వేరే పని లేదు.

సోమవారం బడి తెరిచారు. మొదటి గ్లాసు తాగే మనిషి లేరు, పౌడరు కోసం పొద్దున్నే మళ్ళీ ఆఫీసుకు వెళ్ళారు. పిల్లలు మూడు గంటలు ఎండలో నిలబడ్డారు. కార్లు వెళ్ళిపోయాక ఒక్కసారిగా కుండల మీద పడ్డారు. అడుగు కుళాయి నాకు నాలుగు అడుగుల దూరంలో ఉంది. పెద్ద గుమస్తా అరుగు మీద నిలబడి చూస్తున్నాడు. నేను ముంచి పోశాను. నూకాలు ఎప్పుడూ రెండో గ్లాసు అడిగేది. ఆ రోజూ అడిగింది. ఇచ్చాను.

మధ్యాహ్నం ఆవిడ బస్సు దిగి వచ్చారు, మంచి పౌడరు డబ్బా చంకలో పెట్టుకుని. ఖాళీ కుండలు చూశారు.

"కుళాయి తిప్పలేదా?"

పెద్ద గుమస్తాగారు వచ్చారమ్మా అన్నాను. ఆవిడ డబ్బా తెరిచి, నిచ్చెన ఎక్కి, మిగిలిన నీళ్ళలో మందు పోశారు. ఆ ఘాటుకు కింద నిలబడ్డ నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బుధవారం నుంచి పిల్లలు పడ్డారు. చాలామంది లేచారు. నూకాలు లేవలేదు. తల్లి గంప మా బడి ముందు వీధిలోంచి మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు. చుట్టూ తిరిగి వెళ్ళేది.

పుల్ల ఐసు తిని జబ్బు చేసిందని ఆఫీసువాళ్ళు అన్నారు. తొట్టి నీళ్ళేనని ఆవిడ రాసి పంపారు. దాంతో విచారణ పెట్టారు. పెట్టింది ఆవిడ మీద. తొట్టికి మందు వేసి శుభ్రం చేశారనీ, నీళ్ళు తాగడానికి పనికొస్తాయనీ నీళ్ళ ఆయా ఒప్పుకుని వేలిముద్ర వేసిందట. మరి ఏదైనా తప్పు జరిగితే అది అనుమతి లేకుండా ఊళ్ళో తిరిగిన హెడ్మిస్ట్రెస్‌దే కదా.

విచారణ ముందు రోజు సాయంత్రం పెద్ద గుమస్తా మా ఇంటికి వచ్చాడు. మంచం పట్టిన మా ఆయన పక్కన కూర్చుని, కాలు నొక్కుతూ మాట్లాడాడు.

"బావా, నానేటి పరాయోడినా? సదివి ఇనిపించేరని ఒక్క ముక్క సెప్తే సాలు. నేదంటే ఏలెట్టిందానిదే తప్పవుద్ది. ఉజ్జోగం ఊడిపోద్ది."

ఆయన వెళ్ళాక మా ఆయన గోడ వైపు తిరిగి అన్నాడు, "సెప్పెయ్. ఆయమ్మకి ఈ ఊరు కాపోతే ఇంకో ఊల్లో ఉజ్జోగం ఉంటాది. మనకేటుంది?"

మర్నాడు విచారణ ఆఫీసరు హెడ్డమ్మగారి కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ ఎదురుగా నిలబడి ఒకే ఒక్కటి అడిగారు. "ఈమెకు చదవడం రాదు. ఆ కాగితం ఈమెకు చదివి వినిపించారో లేదో అడగండి. అది చాలు నాకు." ఆయన నా వైపు తిరిగాడు. పెద్ద గుమస్తా కిటికీ దగ్గర నిలబడి బయటకు చూస్తున్నాడు.

"సదివేరండి. ఇన్నాకే ఏలెట్టినాను" అన్నాను.

ఆవిడ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "సరే" అన్నారు. అంతే. నా వైపు చూసి ఉంటే బావుండేది. చూడలేదు.

ఎక్కడో మన్యంలో ఒక బడికి బదిలీ చేశారు. వెళ్ళే రోజు తాళాలు అప్పగించడానికి వచ్చారు. ప్రార్థన అయింది. పిల్లలు వరసల్లో నిలబడ్డారు. ఏం చెయ్యాలో తెలియక, రోజూ చేసే పనే చేశాను. గ్లాసు తోమి, నీళ్ళు ముంచి, తీసుకువెళ్ళి ఇచ్చాను. ఆవిడ అందుకున్నారు. వాసన చూశారు. తాగకుండా బల్ల మీద పెట్టేసి గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

టీచర్లందరూ చూశారు. మర్నాటికి మరచెంబులు తిరిగి వచ్చాయి.

నా ఉద్యోగం నాకు మిగిలింది. దాంతోనే పిల్లలను పెంచాను, మా ఆయనను సాగనంపాను. స్టీలు ప్లాంటు పనులు మొదలై ఊరంతా గాజువాక వైపు పోతున్న రోజుల్లో మా పేటలో సాయంత్రం బడి పెట్టారు. అందరికంటే ముందు వెళ్ళి కూర్చున్నాను. ఎందుకు నేర్చుకుంటున్నావమ్మా అని టీచరు పిల్ల అడిగితే బస్సు బోర్డులు చదవడానికన్నాను. ఆ కాగితం చదవాలని నేర్చుకున్నాను. అక్షరాలు వచ్చాక ఆఫీసుకు వెళ్ళి అడిగాను కూడా. పాత ఫైళ్ళు చెదలు తినేశాయన్నారు. చదవడం వచ్చి ఉంటే ఆ రోజు వేలు పెట్టకుండా ఉండేదాన్నా అని ఎన్నోసార్లు ఆలోచించాను. విచారణ రోజు చదువుతో పని లేదు కదా. ఆవిడ అడిగింది చదవమని కాదు.

పది రోజుల కిందట సంగతి. పేటలో కామెర్లు వచ్చి రెండు వారాలు బడి మూశారు. మర్నాడు తెరుస్తామనగా తుడవడానికి వెళ్ళాను. పాత డ్రిల్లు మాస్టారు సైకిలుకు తాళం వేసుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు, "ఆయమ్మా, మన ముక్కమ్మ పోయిందట, తెలుసా?" అన్నాడు. రెండు నెలలయిందట. చెల్లెలి ఇంట్లో ఉండేవారట. చివరి రోజుల్లో ఎవరు నీళ్ళిచ్చినా వాసన చూసి పక్కన పెట్టేసేవారట, చెల్లెలి కోడళ్ళు విసుక్కునేవారట. ఆ మాట చెప్పి ఆయన నవ్వాడు. చీపురు పట్టుకుని నేను కూడా కొంచెం నవ్వాను. ఇంటికొచ్చి నోటుపుస్తకం తెరిచాను. రాయలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే బడికి వెళ్ళాను. గేటు బయట పిల్లలు అప్పుడే గుంపు కట్టారు, పరీక్షలు దగ్గర పడ్డాయి. కొత్త హెడ్మాస్టారు కుర్రవాడు, చెడ్డవాడు కాదు. "నీకు సంతకం వచ్చట కదా, మంచిది. ఇక్కడ పెట్టు" అని కాగితం జరిపాడు. నేను చదువుతానన్నాను. నాకు కూడబలుక్కుని చదవడమే వచ్చు, చాలాసేపు పట్టింది. తొట్టి శుభ్రపరిచి, మందు కలిపి, నీరు తాగుటకు యోగ్యముగా ఉన్నదని ఇందుమూలముగా. అప్పటి కాగితంలో కూడా ఇవే మాటలు ఉండి ఉంటాయి. మూలనున్న బస్తాలోంచి చిటికెడు పౌడరు తీసి వాసన చూశాను. ముక్కు మండలేదు. సంతకం పెట్టనని కాగితం వెనక్కి ఇచ్చేశాను.

ఆయన విసుక్కుని వాచ్‌మన్ను పిలిచాడు. ముసలాయన, అక్షరం ముక్క రాదు. ఆయన వేలు సిరా పెట్టెలో ముంచబోతుంటే ఆగమని, కాగితం తీసుకుని మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి వినిపించాను. పౌడరు కూడా వాసన చూపించాను. వాచ్‌మన్ తల వంచుకుని మొత్తం విన్నాడు.

"ఇన్నానమ్మా. నాకింక ఏడాదే సర్వీసుంది" అన్నాడు. వేలు పెట్టి, సిరా జుట్టుకు తుడుచుకున్నాడు.

పెరట్లోకి వెళ్ళాను. అడుగు కుళాయి తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. రాయి తీసుకుని నాలుగు దెబ్బలు వేస్తే కదిలింది. నీళ్ళు పెరడంతా పారి, గేటు కింద నుంచి పిల్లల కాళ్ళ దగ్గరికి వెళ్ళాయి. హెడ్మాస్టారు అరుస్తూ వచ్చాడు. తొట్టి ఖాళీ అవడానికి ముప్పావు గంట పట్టింది. అంతసేపూ కుళాయి మీద చెయ్యి పెట్టుకుని అక్కడే నిలబడ్డాను.